వాయిదా మాత్రకు లేని భయం

వరలక్ష్మీ వ్రతం దగ్గర పడినా, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నా, తిరుమల దర్శనం టికెట్లు దొరికినా మన ఆడవాళ్లు ముందు లెక్కపెట్టుకునేది నెలసరి తేదీ. అది అడ్డం వస్తుందనిపిస్తే పరిష్కారం వీధి చివర మెడికల్ షాపులోనే ఉంటుంది. పీరియడ్స్ వాయిదా పడే మాత్ర అంటే చాలు, చీటీ అడక్కుండా ఇచ్చేస్తారు. రోజుకు మూడు చొప్పున పూజ అయ్యేదాకా వేసుకుంటారు. తల్లి కూతురికి కొనిపెడుతుంది, అత్త కోడలికి తెప్పిస్తుంది. బీపీ ఎంతుందని గానీ, తలనొప్పులు వస్తుంటాయా అని గానీ ఎవరూ అడగరు. అదే ఇంట్లో కోడలికి ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చే గర్భనిరోధక మాత్ర మాలా-ఎన్ సంగతి ఎత్తితే మాటే మారిపోతుంది. అమ్మో హార్మోన్ల మాత్రలా, వేడి చేస్తాయి, ఒళ్లొస్తుంది, మళ్లీ పిల్లలు పుట్టరు, క్యాన్సరొస్తుంది అంటూ మొదలవుతుంది.

ఈ రెండు మాత్రలదీ ఒకే వంశం. వాయిదా మాత్రల్లో ఎక్కువగా ఉండే నోరెథిస్టెరాన్‌ను 1951లో మెక్సికో నగరంలోని ఒక ప్రయోగశాలలో తయారుచేశారు. నోటితో మింగినా పనిచేసే ప్రొజెస్టరాన్ తరహా రసాయనాల్లో అది తొలి తరానిది, గర్భనిరోధక మాత్రలకు దారి వేసింది అలాంటివే. నెలసరిని ఆపడానికి రోజుకు 15 మిల్లీగ్రాములు వేసుకున్నప్పుడు అందులో కొంత శరీరంలో ఎథినైల్ ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజన్‌గా మారుతుంది. అలా మారేది మామూలు గర్భనిరోధక మాత్రలో ఉండే 20, 30 మైక్రోగ్రాములకు దాదాపు సాటి అని నిపుణుల అంచనా. రక్తం గడ్డకట్టే ముప్పుకు ప్రధాన కారణం ఈ ఈస్ట్రోజనే. అంటే మనం వెనకాముందూ చూడకుండా మింగే మాత్రలోనూ, పేరు వింటేనే బెదిరిపోయే మాత్రలోనూ ఉన్న ముప్పు ఒకే జాతిది. భయం ఉండాల్సిన చోట బొత్తిగా లేదు, ఉన్న చోట మోతాదు మించి ఉంది. రెండింటికీ కారణం ఒకటేనని నా వాదన. మాత్రకూ మనిషికీ మధ్య నాలుగు ప్రశ్నలు అడిగి, బీపీ చూసి, ఇది నీకు పడుతుంది, ఇది పడదు అని చెప్పే మనిషి లేకపోవడమే ఆ కారణం.

తెలుగు రాష్ట్రాల్లో ఈ లోటు ఎంత పెద్దదో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కనిపిస్తుంది. పెళ్లయి 15-49 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతం పైన. దేశ సగటు 38 శాతం. గర్భనిరోధక మాత్రలు వాడేవారు మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ నూటికి ఒకరు అటూ ఇటూ. పశ్చిమ బెంగాల్లో ప్రతి ఐదుగురిలో ఒకరు, బంగ్లాదేశ్‌లో సుమారు నలుగురిలో ఒకరు ఈ మాత్రలు వాడుతున్నారు. మనకు పెళ్లి, మొదటి కాన్పు, రెండో కాన్పు, ఆపరేషన్ అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. చాలామందికి పాతికేళ్లు నిండేసరికే ఈ అధ్యాయం ముగిసిపోతుంది. మధ్యలో ఎడం పాటించాలన్నా, మొదటి బిడ్డను రెండేళ్లు ఆగి కనాలన్నా, చదువు పూర్తిచేసుకోవాలన్నా చేతిలో ఉండాల్సిన సాధనాలు లేనట్టే గడిచిపోతోంది.

ఇంతకీ ఆ మాత్ర ఎలాంటిది? మాలా-ఎన్ అట్టలో 28 మాత్రలుంటాయి. 21 తెల్లవి, వాటిలో ఒక్కొక్కదానిలో లెవోనోర్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఎథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మిల్లీగ్రాములు ఉంటాయి. మిగతా ఏడు గోధుమ రంగువి, వాటిలో హార్మోన్ లేదు, ఐరన్ ఉంది. అలవాటు తప్పకుండా, రక్తం పట్టడానికి కూడా పనికొచ్చేలా వాటిని చేర్చారు. తెల్ల మాత్ర అండం విడుదల కాకుండా చూస్తుంది, గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కబరుస్తుంది. 1960లో అమెరికాలో గర్భనిరోధానికి అనుమతి పొందిన ఎనోవిడ్ మాత్రలో ఈస్ట్రోజన్ 150 మైక్రోగ్రాములుండేది. ఇప్పటి మాత్రలో ఉన్నది 30. మన అమ్మమ్మల కాలం నాటి భయాలు చాలావరకు ఆ పాత మోతాదు మిగిల్చినవి. అవి అబద్ధాలు కావు. వాటికి కారణమైన మాత్ర ఇవాళ అంగట్లో లేదు, అంతే.

గడ్డకట్టే ముప్పు మాత్రం ఇప్పటికీ ఉంది. దాన్ని దాచి మాత్రను పొగడటం ఆడవాళ్లకు చేసే ద్రోహం. ఈస్ట్రోజన్ కాలేయాన్ని ప్రేరేపించి రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లను పెంచుతుంది, గడ్డకట్టకుండా ఆపేవాటిని తగ్గిస్తుంది. ఐరోపా ఔషధ సంస్థ 2013లో తేల్చిన లెక్క ప్రకారం మాత్ర వాడని, గర్భిణులు కాని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి కాలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో రక్తపు గడ్డ ఏర్పడుతుంది. లెవోనోర్జెస్ట్రెల్ ఉన్న మాత్ర వాడితే ఆ సంఖ్య 5 నుంచి 7. మొటిమలకూ పీసీఓడీకీ ఎక్కువగా రాసే డ్రోస్పిరెనాన్ రకాల్లోనూ, డెసోజెస్ట్రెల్ రకాల్లోనూ 9 నుంచి 12. ఖరీదైన కొత్త మాత్ర పాతదానికన్నా సురక్షితమని అనుకోవడం పొరపాటని ఈ లెక్కే చెబుతోంది. ఇదే కొలతతో గర్భిణులను చూస్తే 5 నుంచి 20 మంది. కాన్పయిన తొలి మూడు నెలల్లో అది 40 నుంచి 65 దాకా వెళుతుంది. కాబట్టి మాత్రకు భయపడి అనుకోని గర్భం మోసిన స్త్రీ ముప్పును తప్పించుకోలేదు, అంతకన్నా పెద్ద ముప్పులోకి అడుగుపెట్టింది. మరొక్క సంగతి: ముప్పు అత్యధికంగా ఉండేది మొదలుపెట్టిన తొలి నెలల్లో. కొన్నాళ్లు వాడి, కొన్నాళ్లు మానేసి, మళ్లీ మొదలుపెడితే ఆ తొలి నెలల ముప్పు మళ్లీ మొదటికొస్తుంది.

మన దగ్గరి సాక్ష్యం ఇంకాస్త ఆలోచింపజేస్తుంది. మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టే జబ్బుతో వచ్చిన 428 మంది వివరాలను హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 2012లో ప్రచురించారు. వారిలో రక్తహీనత సుమారు 18 శాతం మందిలో, గర్భనిరోధక మాత్రల వాడకం 11 శాతం మందిలో, ఇటీవలి కాన్పు దాదాపు 10 శాతం మందిలో కనిపించాయి. రోగుల్లో సగానికి పైగా మగవాళ్లే కాబట్టి ఆడవాళ్ల వరకు చూస్తే మాత్రల వాటా ఇంకా పెరుగుతుంది. నూటికి ఒకరు వాడే చోట ఆసుపత్రిలో ఇంతమంది ఎలా తేలారు? ముప్పు పెంచే మందు కాబట్టి రోగుల్లో దాని వాటా ఎక్కువ కనిపించడం సహజమే. అయినా ఇంత తేడాకు అదొక్కటీ చాలదు. సర్వే అడిగేది కుటుంబ నియంత్రణకు ఏం వాడుతున్నారని. నెలసరి జరపడానికి, రక్తస్రావం ఆపడానికి, నెలసరి క్రమం కోసం వేసుకునే హార్మోన్ మాత్రలు ఆ జవాబులోకి రావు. లెక్కకు రాకుండా, ఎవరి కంటా పడకుండా సాగుతున్న వాడకమే ఈ తేడాలో పెద్ద భాగమని నా అనుమానం. గడ్డకట్టే ముప్పుకు తోడయ్యే రక్తహీనత, ఎండల్లో నీళ్లు తాగకపోవడం, ఉపవాసాలు, గంటల తరబడి ప్రయాణం అన్నీ పూజల రోజుల్లోనే ఒక్కచోట చేరతాయి.

అలాగని భయాన్ని ఊరంతా చాటితే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. 1995 అక్టోబరులో అక్కడి ఔషధ భద్రతా కమిటీ కొన్ని కొత్త మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతుందని హెచ్చరించింది. మాట నిజమే. ఎంత నుంచి ఎంతకు రెట్టింపు అన్నది జనానికి చేరలేదు. పదివేలకు కొద్దిమంది ఉన్నచోట ఇంకొద్దిమంది చేరారన్నది పక్కకుపోయి, రెట్టింపు అన్న ఒక్క మాటే మిగిలింది. వేలమంది అట్ట మధ్యలోనే మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో గర్భస్రావాలు సుమారు 13,000 పెరిగాయని అంచనా వేశారు. ఆ ఏడాది కాన్పులూ పెరిగాయి. వాట్సాప్‌లో మాత్రలు వాడితే స్ట్రోక్ అని ఒక వాక్యం తిప్పేవాళ్లు ఎంత ముప్పుకు ఎంత పెరుగుదల అన్నది కలిపి చెప్పకపోతే జరిగేది ఇలాంటిదే.

క్యాన్సర్ సంగతి ఇంకా చిక్కైనది, ఎందుకంటే మాత్ర కొన్ని క్యాన్సర్లను పెంచుతుంది, కొన్నింటిని తగ్గిస్తుంది. డెన్మార్క్‌లో 18 లక్షల మందిని గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో హార్మోన్ గర్భనిరోధకాలు వాడేవారిలో రొమ్ము క్యాన్సర్ 20 శాతం ఎక్కువని తేలింది. మనుషుల లెక్కన అయితే, ఏడాదికి సుమారు 7,690 మంది వాడితే అదనంగా ఒకరికి. మానేశాక ఈ తేడా క్రమంగా కరిగిపోతుంది. ఐదేళ్లు దాటి వాడితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది. మానేసిన పదేళ్లకు మామూలు స్థాయికి వస్తుంది. మన దేశంలో ఆ క్యాన్సర్ ఎక్కువ కాబట్టి దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. హెచ్‌పీవీ టీకా, ముప్ఫై దాటాక ముఖద్వార పరీక్ష మాత్రతో సంబంధం లేకుండానే అందరికీ అవసరం, ఏళ్ల తరబడి వాడేవారికి మరీ అవసరం. త్రాసులో రెండో పళ్లెం కూడా చూడాలి. 45 అధ్యయనాలను కలిపి 2008లో లాన్సెట్ ప్రచురించిన విశ్లేషణలో ప్రతి ఐదేళ్ల వాడకానికీ అండాశయ క్యాన్సర్ ముప్పు దాదాపు ఐదో వంతు తగ్గినట్టు తేలింది. పదిహేనేళ్లు వాడినవారిలో అది సగమైంది. మానేసిన 30 ఏళ్ల తర్వాత కూడా ఆ రక్షణ కొంత మిగిలే ఉంది. గర్భాశయ లోపలి పొర క్యాన్సర్ విషయంలోనూ ఇలాగే. బ్రిటన్‌లో 1968లో మొదలై 46,000 మందిని దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనం, మాత్ర ఎప్పుడైనా వాడినవారిలో మొత్తం మరణాలు వాడనివారికన్నా కాస్త తక్కువేనని 2010లో తేల్చింది. మాత్ర ఆయుష్షు పోస్తుందని దీన్ని చదవలేం. వాడినవాళ్లు కొంత ఆరోగ్యవంతులై ఉండొచ్చు. ప్రాణం తీస్తుందనే భయానికి మాత్రం ఇది గట్టి జవాబు.

తెలుగు నేలకు సంబంధించినంతవరకు నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే మేలు వేరే ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. నెలనెలా విపరీతంగా రక్తం పోయేవారికి మాత్ర ఆ స్రావాన్ని బాగా తగ్గిస్తుంది, నొప్పినీ తగ్గిస్తుంది. చాలామంది స్త్రీలకు వైద్యులు దాన్ని రాసేది ఇందుకే. ఇప్పుడు దీని పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. 2019-21 సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలోకెల్లా ఎక్కువున్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. దేశ సగటు మూడు శాతం పైచిలుకైతే మన దగ్గర ఎనిమిది దాటింది. అందులో చాలా ఆపరేషన్లు నలభై నిండకుండానే జరుగుతున్నాయి, ఎక్కువమంది చెప్పే కారణం అధిక రక్తస్రావం. వాళ్లందరికీ మాత్ర సరిపోయేదని అనను, గర్భసంచిలో గడ్డలున్నవారు, వయసు మళ్లినవారు, బీపీ ఉన్నవారు ఉంటారు. అయితే ముందు మందుతో ప్రయత్నించి చూద్దాం అనే మెట్టు ఒకటి ఉండాలి. హార్మోన్లంటే భయపడి గర్భసంచి తీయించుకుంటే, ముప్ఫై అయిదేళ్లకే అండాశయాలు కూడా తీసేసినప్పుడు, ఉన్న హార్మోన్లన్నీ ఒక్క రోజులో పోతాయి. ఎముకలు, గుండె దాని ఫలితం అనుభవిస్తాయి.

పిల్లలు పుట్టరన్న భయానికి ఆధారం లేదు. ఐరోపాలో మాత్ర ఆపేసి గర్భం కోసం చూసిన స్త్రీలలో ఏడాదిలోగా పదిమందికి దాదాపు ఎనిమిది మంది గర్భం దాల్చారు, ఇది ఏ మాత్రా వాడనివారితో సమానమే. మనసు మీద ప్రభావాన్ని మాత్రం అలా కొట్టిపారేయలేం. పది లక్షల మందికి పైగా డెన్మార్క్ స్త్రీలపై 2016లో వచ్చిన అధ్యయనంలో హార్మోన్ మాత్రలు వాడేవారు డిప్రెషన్ మందులు మొదలుపెట్టే అవకాశం కాస్త ఎక్కువని, పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లలో మరింత ఎక్కువని తేలింది. కారణం మాత్రేనని అది రుజువు చేయలేదు. అయినా మొటిమల కోసమో పీసీఓడీ కోసమో మాత్ర మొదలుపెట్టిన అమ్మాయి దిగులుగా ఉంటోందని చెబితే నీదంతా ఊహ అనకుండా వినాలి, మాత్ర మార్చాలి, అవసరమైతే ఆపాలి.

ఆడవాళ్ల శరీరాలపై ప్రయోగాలు చేసి తయారుచేసిన మాత్రను ఎలా నమ్మాలని అడిగేవారున్నారు. ఆ అనుమానానికి గట్టి చరిత్ర ఉంది. 1956లో ప్యూర్టోరికోలో పేద స్త్రీలపై పెద్ద ఎత్తున పరీక్షలు జరిగినప్పుడు, దుష్ఫలితాలు మరీ ఎక్కువగా ఉన్నాయని అక్కడి వైద్యురాలు ఎడ్రిస్ రైస్-రే రాస్తే, మాత్ర సృష్టికర్తల్లో ఒకరైన గ్రెగరీ పింకస్ వాటిని మానసికమని తోసిపుచ్చాడు. మన దగ్గర కూడా 1985లో పటాన్‌చెరు దగ్గర నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ పరీక్షలకు స్త్రీలను సరైన సమాచారం ఇవ్వకుండా తీసుకొచ్చారని బయటపడితే, హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం మరికొందరితో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాయిదా మాత్రలోని మందుకు ఆ ఇంజెక్షన్ దగ్గరి చుట్టం. ఈ చరిత్రను నేను మాత్రకు వ్యతిరేకంగా చదవను. 1970లో అమెరికా సెనేట్‌లో మాత్రపై విచారణ జరుగుతున్నప్పుడు లేచి నిలబడి అరిచిన స్త్రీలు, మాకు చెప్పకుండా మా మీద ఎందుకు వాడుతున్నారని నిలదీశారు. దాని ఫలితంగానే అట్టతో పాటు ముప్పులు రాసిన కాగితం పెట్టడం మొదలైంది. పటాన్‌చెరు గొడవలోనూ అడిగింది అదే. మనకు ఆ కాగితం ఇప్పటికీ తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో చేతికి రావడం లేదు.

ఆపరేషన్ ఉండగా ఈ తలనొప్పంతా దేనికని అడిగేవారూ ఉన్నారు. రోజూ గుర్తుపెట్టుకోవాలి, మరిచిపోతే గర్భం. నిజమే, ఒక్క రోజూ తప్పకుండా వాడితే నూటికి ఒకరు కూడా విఫలం కారు గానీ, మామూలుగా మనుషులు వాడే తీరులో ఏడాదికి నూటికి ఏడుగురు గర్భవతులవుతారు. ఇక పిల్లలు వద్దని తేల్చుకున్నవారికి ఆపరేషన్ మేలైనదే. మగవాళ్లు చేయించుకుంటే ఇంకా తేలిక, ఇంకా సురక్షితం. కానీ అది ముగింపు పలికే పద్ధతి, ఎడం ఇచ్చేది కాదు. పైగా ముప్పు లేనిదీ కాదు. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరంలో 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. ఆ తర్వాత ఆపరేషన్లనే ఆపేయమని ఎవరూ అనలేదు, జాగ్రత్తలు పెంచమన్నారు. మాత్ర విషయంలోనూ అదే న్యాయం వర్తించాలి.

ఆ జాగ్రత్తలకు డాక్టర్ల దగ్గర క్యూ కట్టాల్సిన పని లేదు. ఊళ్లో ఉండే ఏఎన్ఎం నర్సు అడిగి రాసుకోగలిగినవే. 35 దాటి చుట్టో బీడీయో తాగే అలవాటుందా? శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్న మనకు అనవసరం కాదు. బీపీ 140/90 దాటిందా? కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనబడి తర్వాత వచ్చే పార్శ్వనొప్పి ఉందా? తనకు ఎప్పుడైనా కాలిలోనో ఊపిరితిత్తిలోనో రక్తం గడ్డకట్టిందా, తోబుట్టువులకో తల్లిదండ్రులకో కట్టిందా? రొమ్ము క్యాన్సర్, ముదిరిన కాలేయ జబ్బు ఉన్నాయా? ఆరు నెలల లోపు బిడ్డకు పాలిస్తోందా? వీటిలో దేనికి అవునన్నా ఈస్ట్రోజన్ మాత్ర ఆమెకు ఇవ్వకుండా ఆగాలి, డాక్టరుకు చూపించాలి. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన, ఇప్పుడు ఛాయ పేరుతో ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న సెంట్‌క్రోమన్ మాత్రలో ఈస్ట్రోజన్ లేదు, పాలిచ్చే తల్లులకూ పనికొస్తుంది. తొలి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. నెలసరి కాస్త ఆలస్యం కావడం దానితో మామూలే, ముందే చెబితే కంగారుండదు. మరో ప్రశ్న మన దగ్గర తప్పనిసరి: టీబీ మందులు వాడుతున్నారా? రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్ర శక్తిని తగ్గించేస్తుంది, మూర్ఛకు వాడే కొన్ని మందులూ అంతే. టీబీ కోర్సులో ఉండి మాత్రను నమ్ముకున్న స్త్రీకి ఈ సంగతి చెప్పాల్సింది ఆమెకు టీబీ మందులిచ్చే మనిషే.

ఇవే ప్రశ్నలు మెడికల్ షాపులో వాయిదా మాత్ర ఇచ్చే ముందూ అడగాలి. షాపులో ఒక బీపీ మిషన్ పెట్టుకోవడం కష్టమేమీ కాదు. మాత్ర మొదలుపెట్టాక ఒక్క పిక్కలోనే వాపూ నొప్పీ వచ్చినా, ఛాతీ నొప్పీ ఆయాసం వచ్చినా, ఎన్నడూ లేనంత తలనొప్పి పట్టుకున్నా, చూపు మసకబారినా, మాట తడబడినా పూజ పూర్తయ్యేదాకా ఆగకూడదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. అక్కడ ఏ మందులు వాడుతున్నారని అడిగితే చాలామంది వాయిదా మాత్ర పేరు చెప్పరు. అది మందన్న ఆలోచనే ఉండదు, పైగా వెంట వచ్చిన మగవాళ్ల ముందు చెప్పడానికి మొహమాటం. మెదడులో రక్తపు గడ్డ ఉందేమోనని డాక్టరు త్వరగా అనుమానించడానికి ఆ ఒక్క వివరమే ఆధారం కావచ్చు. ఏ మాత్ర, ఎన్నాళ్లుగా, రోజుకెన్ని అన్నది అడిగినా అడక్కపోయినా చెప్పాలి. అట్ట చేతిలో పట్టుకుని వెళ్తే మరీ మంచిది.